కండక్టరమ్మ ఎడమకాలు

"జరగండి, జరగండి! స్నానాల గది ముందు గుంపు కట్టకండి. ఒకరి తర్వాత ఒకరు!"

తెల్లవారితే ఆ ఇంట్లో మొదట లేచేది ఆ గొంతే. ఆవిడ సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరై చాలా ఏళ్ళయింది. గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పాలు పోసే మనిషి దగ్గర్నుంచి పక్కింటి పసివాడి దాకా అందరికీ ఆవిడ కండక్టరమ్మే.

గుంపు అంటే ముగ్గురే. లిఫ్టులు బాగుచేసే కొడుకు, పిల్లల ఆసుపత్రిలో పరిశోధన చేసే కోడలు, పదమూడేళ్ళ మనవరాలు. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా నాయనమ్మే. ఇప్పుడా పిచ్చుక కుంటుతూ వచ్చి వంటింటి బల్ల ముందు కూర్చుంది. వాళ్ళమ్మ రొట్టె పళ్ళెం పక్కన మాత్ర పెట్టింది.

"ఇంకెన్నాళ్ళమ్మా ఇవి?"

"డాక్టరుగారు ఆపమనే వరకు. మింగెయ్."

వాలీబాల్ ఆడుతూ పడితే పిచ్చుక చీలమండ విరిగింది. కట్టు విప్పిన కొన్నాళ్ళకి పిక్క వాచింది. బెణికిందన్నారు కొందరు, కట్టు బిగిసిపోయి ఉంటుందన్నారు మరికొందరు. ఆ సాయంత్రం పని నుంచి వచ్చిన తల్లి ఆ కాలు చూసి, భుజాన ఉన్న సంచి కూడా దించకుండా పిల్లని ఆటో ఎక్కించింది. లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టింది. పిల్లల్లో రక్తం ఎందుకు అలా గడ్డ కడుతుందా అని ఏళ్ళ తరబడి ఊరందరి పిల్లల్లో వెతుకుతున్న మనిషికి, ఆ జబ్బు సొంత ఇంట్లోనే ఎదురైంది.

"మా వైపు ఎవరికీ ఇలాంటివి లేవమ్మా. మాది ఉక్కు రక్తం," అంది కండక్టరమ్మ టీ వడపోస్తూ. గడ్డ కనిపించిన రోజు నుంచీ ఆవిడ అదే మాట అంటోంది. మనవరాలి ముక్కు తనది, జుట్టు తనది, మొండితనం కూడా తనదేనట. జబ్బు మాత్రం కోడలి పుట్టింటిదట!

కోడలు మొగుడి వైపు చూసింది. అతను కళ్ళు దించుకుని పనిముట్ల పెట్టె సర్దుకుంటున్నాడు.

"అత్తయ్యా, మా ఇద్దరి పరీక్షలూ నిన్న వచ్చాయి. నాకేం లేదు. పిచ్చుకకి మీ అబ్బాయి నుంచే వచ్చింది."

జల్లెడలోంచి టీ గ్లాసులో కాకుండా బల్ల మీద పడింది.

"వాడికేంటి? దుక్కలా ఉన్నాడు!"

"దెబ్బ తగిలితే రక్తం గడ్డ కట్టాలి అత్తయ్యా. కట్టాక ఆగాలి కూడా. ఆపడానికి రక్తంలో ఒక ప్రోటీన్ ఉంటుంది, బస్సుకి బ్రేకు లాగా. వీళ్ళిద్దరికీ అది సగమే ఉంది. అలా ఉన్నవాళ్ళందరికీ గడ్డ కడుతుందని కాదు. కొందరికి జీవితాంతం ఏమీ కాదు. కానీ కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, ఆపరేషన్లప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు..."

ఆ చివరి మాటకి కండక్టరమ్మ ఠక్కున తలెత్తింది. సరిగ్గా అప్పుడే పై వాటాలోంచి ఆవిడ కూతురు చిట్టి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని మెట్లు దిగి వచ్చింది. ఆమెకి అయిదో నెల.

"చిట్టికి ఇవాళే పరీక్ష చేయించాలి," అంది కోడలు మెల్లగా. "మీకు కూడా."

"చాల్లే!" గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "మనవరాలైంది, కొడుకైంది, ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్ల మీద పడ్డావా? నీ పరిశోధనకి మా ఇల్లే దొరికిందా? బయట పిల్లలు అయిపోయారా?"

కొడుకు పెట్టె కింద పెట్టి "అమ్మా..." అన్నాడు. ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని బయటికి తీయడం అతనికి బాగా తెలుసు. తల్లికీ పెళ్ళానికీ మధ్య తనే ఇరుక్కుంటే ఏ మీట నొక్కాలో ఎవరూ నేర్పలేదు.

కోడలు వెనక్కి తగ్గలేదు.

"బయట పిల్లల్ని చూశాను కాబట్టే అడుగుతున్నాను. పిల్లలకి గడ్డలేంటని ఎవరూ అనుమానించరు. ఎదిగే నొప్పులంటారు, బడి ఎగ్గొట్టే సాకంటారు. ఆయాసం వచ్చాక పరిగెత్తుకొస్తారు. మొన్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, 'మా ఇంట్లో ఈ లోటు ఉందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదమ్మా' అని ఏడ్చింది. అంతమందిని పరీక్షించి తెలుసుకున్న సంగతి నా ఇంట్లో వాళ్ళకి చెప్పకుండా నోరు మూసుకోమంటారా?"

"నేనిస్తాను వదినా," అంది చిట్టి. "సూదేగా."

"నువ్వు ఊరుకో. నేనొద్దంటున్నాను!"

"ఎందుకమ్మా?"

"ఎందుకా? ఉందని తేలితే మీ అత్తవారు ఏమంటారో తెలుసా నీకు? జబ్బు పిల్లని అంటగట్టారంటారు. నొప్పని కూర్చుంటే వేషాలంటారు. మాట పడడమంటే ఏంటో నీకేం తెలుసు?"

చెప్పాల్సిన దానికన్నా ఒక మాట ఎక్కువ చెప్పానని ఆవిడకే అర్థమైనట్టుంది. తుడిచిన చోటే బల్ల మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

పిచ్చుక కుర్చీ జరుపుకుని నాయనమ్మ పక్కకి చేరింది.

"నిన్నెవరన్నారు నానమ్మా?"

ఆవిడ బల్ల తుడిచే గుడ్డ గట్టిగా పిండింది.

"నీ ఎడమకాలు కూడా సాయంత్రానికి వాస్తుందిగా. బస్సులో నిలబడి నిలబడి అలా అయిందంటావు. మరి రెండు కాళ్ళ మీదా నిలబడ్డావుగా? ఒకటే ఎందుకు వాచింది?"

వంటింట్లో అందరూ ఆ కాలు వైపు చూశారు. చీలమండ దగ్గర చర్మం నల్లబడి, తోలులా గట్టిపడి ఉంది. ఇంట్లో రోజూ కనిపించే కాలే. కండక్టరమ్మ చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కోబోయి, చెయ్యి మధ్యలోనే ఆపేసింది. కుర్చీలో కూలబడింది.

"వీడు పుట్టిన వారానికి వచ్చింది," అంది కొడుకుని చూపిస్తూ. ఆ గొంతు ఇంత చిన్నగా కూడా పలుకుతుందని వాళ్ళెవరికీ తెలీదు. "స్తంభంలా వాచిపోయి, నిప్పులా కాలిపోయేది. నేల మీద మోపలేకపోయేదాన్ని. మా అత్తగారు చూసి, పని తప్పించుకోవడానికి నాటకమాడుతోందంది. డాక్టరు బాలింతలకి మామూలే అన్నాడు. పోనీ పుట్టింటికెళ్తే, అక్కడ మా అమ్మ కూడా, 'అత్తారింట్లో ఇలాంటి వేషాలెయ్యకు, మాకు మాటొస్తుంది' అంది. మా తమ్ముడైతే నాలాగా కుంటి చూపించి అందర్నీ నవ్వించేవాడు. ఇంక చెప్పడం మానేశాను. డ్యూటీలో చేరాక కూడా ఎంత సలిపినా సీట్లో కూర్చునేదాన్ని కాదు."

"అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు కొడుకు.

"ఏమని చెప్పను రా? అందరూ అంత గట్టిగా అనేసరికి చివరికి నాకే అనుమానం వచ్చింది. నిజంగానే నేను వేషాలేస్తున్నానేమో అని."

కోడలు నేల మీద కూర్చుని ఆ కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. పిక్క నొక్కి చూసింది, నల్లబడ్డ చర్మాన్ని వేలితో తడిమింది. ఆసుపత్రిలో అయితే ఎంత గట్టిగా ఉండే మనిషో, ఇక్కడ ఆమె కళ్ళు నిండిపోయాయి.

"పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేను అత్తయ్యా. కానీ ఇలాంటి కాళ్ళు చూడడమే నా పని. పిచ్చుకకి వచ్చినటువంటి గడ్డే మీకూ వచ్చి ఉంటుంది. మందూ మాకూ లేకుండా, పసిబిడ్డని ఎత్తుకుని, దాని మీదే నడిచారు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉంటే మీరు మాకు దక్కేవారు కాదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఇదే పని చేస్తూ, నేను కూడా ఒక్కసారి అడగలేదు."

కండక్టరమ్మ ఆ మాటలన్నీ విందో లేదో. ఆవిడకి కావలసింది ఒక్కటే.

"అయితే నేను నాటకమాడలేదంటావా?"

"లేదు అత్తయ్యా. మీరు చెప్పిన ప్రతి మాటా నిజం."

అంతే. బస్సులో తాగుబోతుల్ని చొక్కా పట్టుకుని దింపేసిన మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. చిట్టి వెళ్ళి తల్లి తల పొట్టకి ఆనించుకుంది. కొడుకు ఏం చెయ్యాలో తోచక బల్ల మీది టీ మరకని మళ్ళీ తుడిచాడు. చాలాసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఇంకా చూస్తారేంటి? ఆటో పిలవండి. ముందు నాదే తియ్యమను. తర్వాతే చిట్టిది."

పరీక్షల్లో తల్లికీ కూతురికీ కూడా ఆ లోటు ఉందని తేలింది. చిట్టికి రోజూ పొట్ట మీద చిన్న ఇంజెక్షను మొదలుపెట్టారు. మొదటిరోజు చిట్టి కళ్ళు గట్టిగా మూసుకుంటే, ఆమె మొగుడు సూది చూసి తనే కుర్చీ వెతుక్కున్నాడు. అతని తల్లిదండ్రులు ఏదో అనబోతే, కండక్టరమ్మ వాళ్ళని కూర్చోబెట్టి బ్రేకు సంగతి మొదటినుంచీ వివరించింది. వినేదాకా వదల్లేదు. నెలలు నిండి చిట్టికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పుట్టినప్పుడు పిల్లలందరికీ ఆ ప్రోటీన్ ఎలాగూ తక్కువే ఉంటుందని, పరీక్షకి ఇంకొన్నాళ్ళు ఆగాలని కోడలు చెప్పింది. ఎవరూ కంగారుపడలేదు. పిచ్చుక కాలు చక్కబడింది. డాక్టరు ఒప్పుకున్నంత మేరకు మళ్ళీ బంతి పట్టింది.

బిడ్డని చూడడానికి కండక్టరమ్మ తమ్ముడు వచ్చాడు, కూతుర్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని. మనవరాలిది పిచ్చుక ఈడే. పసిదాన్ని చూసి మురిసిపోవడం అయిందో లేదో, కండక్టరమ్మ ముగ్గుర్నీ కదిలించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా తన కాలి కథ చెబుతూనే ఉంది.

రక్తం తీసే గదిలో తెల్లకోటు వేసుకున్న కోడలు చిన్న గొట్టాలు సిద్ధం చేస్తోంది. తమ్ముడి మనవరాలు సూది వైపు బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

"దీనికి ఏం బాగోలేదని చూస్తున్నారు? బాగానే ఉందిగా," అన్నాడు తమ్ముడు.

"బాగున్నప్పుడే చూడాలి మావయ్యగారూ," అంది కోడలు. "లోటుందని ముందే తెలిస్తే, ఎప్పుడు జాగ్రత్తపడాలో తెలుస్తుంది. పాపకి నొప్పి రాకముందే మేం సిద్ధంగా ఉంటాం."

అతను తలూపాడు. అక్క వైపు తిరిగాడు. ముసలి మొహం ముడుచుకుపోయింది.

"అక్కా, అప్పుడు నువ్వు నొప్పి నొప్పి అని మొత్తుకుంటే... నేను కుంటి చూపించి నవ్వించాను. మాలో ఒక్కరం కూడా నమ్మలేదు కదే నిన్ను."

కండక్టరమ్మ తమ్ముడి చొక్కా చేతిని తనే మోచేతి పైదాకా మడిచింది. మడిచిన చోట ఒక్క క్షణం చెయ్యి ఆనించింది.

"ఇప్పుడు నమ్మావుగా," అంది. "చెయ్యి చాపు."