ఆరు ముళ్ళు

శనివారం పొద్దున్నే గంగాలమ్మ అలవాటు కొద్దీ స్టవ్ దగ్గరికి వెళ్ళి లైటర్ కోసం చెయ్యి చాపింది. అది వేలాడే గోడ మేకు ఖాళీగా ఉంది. లైటర్ కోడలి బీరువాలోకి చేరి వారమైందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇది కూడా మతిమరుపేనేమో అనిపించి, భయం వేసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

జాలారిపేట ఒడ్డు నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగిన మనిషి. ఏ ఇంటావిడకి ఏ చేప ఇష్టమో, ఎవరింట్లో ఏ రోజు నీసు ముట్టరో అడక్కుండానే చెప్పేది. కొడుకు సన్యాసిరాజు దువ్వాడలో ఫ్లాట్ కొని తీసుకొచ్చాక కూడా ఆ బుర్ర బాగానే పనిచేసింది. ఈ నెలలోనే ఏదో అయింది. పదిహేను రోజులు రావలసిన బీపీ బిళ్ళల షీటు తొమ్మిది రోజులకే ఖాళీ అవుతోంది. వేసుకున్న సంగతి మరిచి మళ్ళీ వేసుకుంటోందని కోడలు అనూరాధ తేల్చేసింది. గ్యాస్ కట్టడం మరిచిపోతే ఏం గతి అని లైటర్ దాచేసింది. ఇవాళ పదకొండింటికి డాక్టరు దగ్గర మతిమరుపు పరీక్ష.

అనూరాధ షీటు పట్టుకుని విసురుగా వచ్చింది.

"అత్తా, ఇదేటి? ఆదివారం తెచ్చిన షీటు. నిన్నటికి ఆరు అవ్వాలి. పదకొండు అయిపోయాయి!"

"నాను రోజుకొక్కటే ఏసుకుంతన్నానమ్మా."

"మరి ఆ ఐదూ ఎవరు తిన్నట్టు? నీకేదైనా అయితే? స్కూల్లో పాఠం చెప్తన్నానన్న మాటే గాని నా మనసంతా ఇంటి మీదే. భయమేస్తంది అత్తా నాకు!"

కోడలు చెడ్డది కాదు. కాకపోతే ఆవిడ భయపడితే నాలుగు ఫ్లాట్లకి వినపడుతుంది.

ఇంతలో మనవరాలు కీర్తన చేతిలోంచి టిఫిన్ బాక్సు మూత జారి ఠంగుమంది. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి ఇడ్లీల ముందు కూర్చున్న సన్యాసిరాజు ఉలిక్కిపడి లేచాడు.

"ఒక్క పని కుదురుగా సెయ్యలేవా? సెవులు పగిలిపోతన్నాయి!"

ఎనిమిదేళ్ళ పిల్ల గోడకి అంటుకుపోయింది. ఒకప్పుడు ఈ కూతుర్ని భుజం మీదెక్కించుకుని మెట్లన్నీ దిగినవాడే. నెలరోజులుగా కుక్కర్ కూతేసినా అదిరిపడుతున్నాడు. ఇనప రాడ్ల మిల్లులో క్రేన్ నడుపుతాడు కదా, పని ఒత్తిడి కాబోలని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకున్నారు.

"అమ్మా, ఆ పరీక్షేదో సేయించేసుకో. అందరికీ మంచిది," అన్నాడు ఇడ్లీ తుంపుతూ. తల్లి ముఖం మాత్రం చూడలేదు.

ఆ మాట గంగాలమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. గదిలోకి వెళ్ళి, తలగడ కింద నుంచి వల అల్లే నైలాన్ దారం ముక్క ఒకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు. మీ మావ సంద్రంలోకి ఏటకెళ్తే రోజుకో ముడేసి లెక్కెట్టుకునేదాన్ని. ఈ షీటు తెచ్చినకాడ్నించి, బిళ్ళ మింగినప్పుడల్లా ఓ ముడేత్తన్నాను. సూసుకో."

అనూరాధ వేళ్ళతో తడిమి లెక్కపెట్టింది. ఆరు. రెండోసారి లెక్కపెట్టినా ఆరే.

"ముడి వెయ్యడం మరిచిపోయావేమో అత్తా," అంది. ఈసారి గొంతు తగ్గింది.

గంగాలమ్మ కుర్చీలో కూలబడింది. "అంతేనేమోనమ్మా. నాకే తెలీట్లేదు. నా బుర్ర సెడిపోయిందని ఆ డాక్టరు కూడా అనీసాడంటే, ఇంక నన్ను నానే నమ్ముకోలేను కదా." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సాలు, ఆపండి!" సన్యాసిరాజు వచ్చి దారం లాక్కున్నాడు. విసిరేద్దామనే లాక్కున్నాడు. కాని చిన్నప్పుడు తండ్రి సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ, సాయంత్రం పూట తల్లి పక్కన కూర్చుని ఆ ముళ్ళు లెక్కపెట్టింది తనే. దారం అతని చేతిలో గడగడా వణికింది.

"ఆ ఐదూ నానే తిన్నాను."

అనూరాధ షీటు పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"నెల కిందట క్రేన్ మీంచి రాడ్ల కట్ట జారిపోనాది. కింద ఐజాక్ ఉన్నాడు, నాతో పన్జేసేవోడు. జానెడు ఇటుంటే పోయేవోడే. అప్పట్నుంచి క్రేనెక్కితే గుండె దడ, నిద్దర లేదు. షిఫ్టుకి ముందు బీపీ సూత్తారు. ఎక్కువుంటే ఎక్కనివ్వరు. అందుకని..."

"అందుకని ఆవిడ మందు నువ్వు మింగుతావా? ఈ చేతుల్తో, కింద మనుషులుండగా క్రేన్ నడుపుతావా?" అనూరాధ అతని ముందుకొచ్చి నిలబడింది. "మేమంతా అత్తకి మతి లేదంటుంటే వింటూ కూర్చున్నావా?"

"రోజూ రేపు సెప్దామనుకున్నాను. మా నాన్న తుపానుకే బెదరలేదు. ఆయన కొడుకునై ఉండి, నాకు భయమేత్తందని ఎలా సెప్పీది?"

గంగాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. లాగి ఒక్కటి ఇవ్వాలనే లేచింది. లేచాక ఆ చేతుల వణుకు కంటపడింది. అలాంటి చేతుల్ని ఆవిడ ఇంతకు ముందొకసారి చూసింది.

"మీ నాన్న బెదరలేదని ఎవుడు సెప్పాడురా? నీకు అప్పుడు నాలుగేళ్ళు. తెప్ప బోల్తా పడి ఒడ్డుకొచ్చాక నెల్లాళ్ళు నీళ్ళ దిక్కు సూడలేదు. సేతులు ఇలాగే ఆడేవి. పేట పెద్దలొచ్చి, ఒడ్డున కూకుని వలలు కుట్టుకోమన్నారు. బెదిరినోడిని మనోళ్ళు ఏటకి పంపరు. వాడితో పాటు పక్కోడి పేనం కూడా పోద్దని. ఒక్కడూ నవ్వలేదు. ఆ నెల్లాళ్ళూ మిగతా తెప్పలోళ్ళే మనింటికి సేపలిచ్చారు."

"నాకెప్పుడూ సెప్పలేదేటమ్మా?"

"జొరమొచ్చి తగ్గిందని ఎవరైనా సెప్పుకుంతారేటి?"

నలభై ఏళ్ళ సన్యాసిరాజు తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. ఆవిడ ఆపమనలేదు. కీర్తన గోడ దగ్గర నుంచి మెల్లగా వచ్చి తండ్రి వీపు మీద చెయ్యేసింది.

కాసేపటికి సన్యాసిరాజు తనే లేచి, ముఖం తుడుచుకుని, మిల్లు సూపర్‌వైజర్ భీమశంకరరావుకి ఫోన్ చేశాడు. "సార్, నన్ను ఇంక క్రేన్ ఎక్కించకండి. ఒంట్లో బాగాలేదు. ఇన్నాళ్ళూ దాసిపెట్టాను." అవతలి మనిషి సోమవారం వచ్చి కనపడమన్నాడు. ఆ సోమవారం ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

"పదకొండింటికి డాక్టరు దగ్గరికి మనిద్దరం ఎళ్దాం," అంది అనూరాధ మొగుడితో. "అత్తకి కాదు, నీకు."

తర్వాత లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. లైటర్ తెచ్చి అత్తగారి ముందు నిలబడింది గాని తలెత్తలేకపోయింది.

"నన్ను క్షమించు అత్తా. కాస్త టీ పెట్టవా?"

గంగాలమ్మ లైటర్ అందుకుని కోడలి చెంప నిమిరింది. స్టవ్ వెలిగించి పాలు పొంగించింది. కొడుక్కి చెంచాన్నర, కోడలికి అరచెంచా, తనకి అసలు లేకుండా, కీర్తనకి ఉత్త పాలల్లో రెండు. ఎవరికెంత పంచదారో ఆవిడ ఎవరినీ అడగలేదు.