అత్త కొప్పు విప్పిన రోజు

కృష్ణమ్మాళ్ వాకిట్లో ముగ్గు వేసి లేచేసరికి, కూతురు పాప్పా అరుగు మీద కూర్చుని రెండు చేతులతోనూ తల గోక్కుంటోంది. తల్లి దగ్గరికి వచ్చింది. పిల్ల చెవి వెనక జుట్టు పాయ తీసి వెలుతురులో చూసింది. వెంట్రుకల మొదట్లో తెల్లటి చుక్కలు. ఊదితే ఎగరలేదు, గోటితో లాగితే గాని ఊడలేదు. చుండ్రు కాదు, పేల గుడ్లు, ఈపులే.

1934లో ఆ పల్లె నుంచి కోవిల్‌పట్టి బడికి, అక్కడి మాటలో పళ్ళికూడానికి, వెళ్ళే ఆడపిల్ల పాప్పా ఒక్కతే. తల బాగయితేనే తీసుకురమ్మని టీచరమ్మ ఇప్పటికే రెండుసార్లు ఇంటికి పంపింది. కృష్ణమ్మాళ్ విరుదునగర్‌లో పుట్టి అయిదో తరగతి దాకా చదివింది. కూతురు అంతకన్నా ఒక్క తరగతైనా ఎక్కువ చదవాలని ఆమె పట్టుదల.

"మళ్ళానా?" అంది అత్త బొమ్మక్క, వాకిట్లోకి వస్తూ. "పళ్ళికూడం పోనప్పుడు మన ఇంట్లో పేలుండెనా? శనివారం గుండు కొట్టించేది, పళ్ళికూడం నిలిపేసేది. నీ మొగుడు దామోదరంతో చెప్పినాను."

"గుండు వద్దత్తా. నేను తీసేస్తాను."

"తీసి తీసి చూసినావు కదా!"

అదీ నిజమే. రెండుసార్లూ వేపనూనె పట్టించి, తడిజుట్టును పాయలు పాయలుగా పేల దువ్వెనతో తెల్లగుడ్డ మీదికి దువ్వింది. ఈపులు పగిలి బయటికొచ్చినవి పెరగకముందే, మూడు రోజులకొకసారి మళ్ళీ దువ్వింది. బట్టలు ఉడకబెట్టింది. పొరుగింటి మాయక్కాళ్ కిరసనాయిలు రాయమంటే, పొయ్యి దగ్గర తిరిగే పిల్లకు వద్దంది. తల శుభ్రపడేది, పది రోజులకల్లా మళ్ళీ మొదలు.

కానీ రెండోసారి ఇంటికి పంపాక పాప్పా మళ్ళీ బడికి వెళ్ళనే లేదు. మరి ఎక్కడినుంచి వచ్చాయి?

పక్కలు ఎత్తుతుంటే జవాబు దొరికింది. పాప్పా అవ్వ పక్కనే, ఒకే దిండు మీద పడుకుంటుంది. ఆ దిండు మీద ఒక నెరిసిన వెంట్రుక, దాన్ని పట్టుకుని నాలుగు ఈపులు.

"అత్తా, మీ తల ఒకసారి చూస్తాను" అంది మెల్లగా.

"నా తల నేను చూసుకుంటాను. నీ పని నువ్వు చూడు."

శనివారం భర్త దామోదరసామి మంగలి పొన్నయ్యను వెంటబెట్టుకొచ్చాడు. పాప్పా ఏడుస్తూ తల్లి చీర పట్టుకుంది. కృష్ణమ్మాళ్ కదలలేదు.

"పిల్లను వదులు" అన్నాడు దామోదరసామి.

"వదలను. గుండు కొట్టినా మళ్ళీ వస్తాయి. పేలు అత్త తలలో ఉండాయి."

"ఎవర్ని ఏమంటుండావు?" అన్నాడు భర్త.

బొమ్మక్క లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. పొన్నయ్య పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. కృష్ణమ్మాళ్ గంజి చెంబుతో తోసుకుని లోపలికి వెళ్ళింది. ముసలామె గోడవైపు తిరిగి కొప్పు విప్పుకోవాలని చూస్తోంది. ఎడమచేతికి చిక్కు అందడం లేదు. కుడిచెయ్యి భుజం దాకా లేచి, అక్కడే ఆగి, వణికి, ఒళ్ళో పడింది.

"ఎన్నాళ్ళుగా అత్తా?"

"ఆర్నెల్లాయె. పైకి లేవదు. దువ్వుకోలేను."

"నాతో ఒక మాట చెప్పేది కాదా?"

"ఏమని చెప్పేది? ఈ రోజు తల దువ్వమంటా. రేపు నోట్లో కూడు పెట్టమంటా. ఎవురు మోస్తారు నన్ను?"

తను ఇన్నాళ్ళూ పొగరనుకున్నది ఇదా అని కృష్ణమ్మాళ్ కళ్ళు నిండాయి. నలుగురిలో అన్న మాట గుర్తొచ్చి తల దించుకుంది. చెంబు కింద పెట్టి, వెనక కూర్చుని కొప్పు విప్పింది. నూనె పట్టించి చిక్కు తీస్తుంటే బొమ్మక్క భుజాలు కదిలాయి. నొప్పికా, ఏడుపుకా, కోడలు అడగలేదు.

ఈసారి ఇద్దరి తలలూ ఒకేసారి దువ్వింది. దిండ్లు వేరు చేసింది. పన్నెండో రోజు తెల్లగుడ్డ మీద ఏమీ రాలలేదు. మరునాడు పాప్పాను బడికి అవ్వే నడిపించుకెళ్ళింది.

తిరిగొచ్చి కోడల్ని పిలిచింది.

"ఇంట్లో అందరి తలలూ చూసినావు. నీ తల ఎవురు చూసినారు?"

"ఎవరూ చూళ్ళేదత్తా."

"రా, ఇట్లా నా ముందు కూర్చో. ఎడమచెయ్యి బాగానే ఉండాది."

కృష్ణమ్మాళ్ కూర్చుని జడ విప్పుకుంది.