గుండు కొట్టించుకున్న లైలాక్

"మీరమ్మిన మొక్క శుద్ధ దండగండీ! రెండు వసంతాలు పోయాయి, ఒక్క పువ్వు పూస్తే ఒట్టు!"

సెలూన్ అబ్బాయి నర్సరీ గుమ్మంలో నిలబడి వీధంతా వినపడేలా అరిచాడు. నర్సరీ అమ్మాయి మట్టి చేతులు కడుక్కుని, "పదండి, చూద్దాం" అంది. దెబ్బలాటకి సిద్ధపడి వచ్చినవాడు, పాపం, ఆమె వెనకాలే నడిచాడు.

అతని ఇంటి ముందు లైలాక్ పొద బంతిలా గుండ్రంగా ఉంది. ఒక్క కొమ్మ పక్కకి పోలేదు.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?"

"నేనే!" అన్నాడు ఛాతీ విరుచుకుని. "చలికాలంలో గిరాకీ తక్కువ. చేతులు ఊరుకోవు కదా, ట్రిమ్మింగ్ చేస్తా."

"ఇది తలకాయ కాదండీ మహానుభావా! లైలాక్ వేసవిలోనే మొగ్గలు కట్టుకుని, చలికాలమంతా కొమ్మల చివర దాచుకుంటుంది. మీరు వాటికే గుండు కొట్టారు. కత్తెర పెట్టాలంటే పూలు వాడిన వెంటనే పెట్టాలి."

అతని తల్లి కిటికీలోంచి, "నేను చెబితే విన్నాడా!" అంది.

అప్పట్నుంచి అమ్మాయి వీలున్నప్పుడల్లా వచ్చేది. ఎండ చాలుతోందా, పొద మొదట్లో నీళ్ళు నిలుస్తున్నాయా అని చూసేది. కస్టమర్ల చెవులు వాచేలా కబుర్లు చెప్పే అతను, ఆమె ముందు మొక్క గురించి తప్ప నోరెత్తేవాడు కాదు. చలికాలం చివర్లో మొగ్గలు చూసి ఆమె, "ఈసారి పూస్తుంది. ఇక నాతో పనేముంది?" అని నవ్వింది.

పువ్వులు కావాలని పోట్లాడినవాడే, పూయొద్దని దేవుడికి మొక్కుకున్నాడు. దేవుడు వినిపించుకోలేదు. ఓ పొద్దున పొదంతా ఊదారంగు గుత్తులు!

అంతలో ఆమె నుంచి ఫోను. "పూసిందా?"

"అబ్బే, లేదండీ."

"అయ్యో! వస్తున్నా ఉండండి."

కస్టమర్ల మీద కప్పే నల్ల గుడ్డలన్నీ తెచ్చి పొద మీద కప్పేశాడు. గుడ్డ కప్పితే వాసన ఆగుతుందా? వీధి మొదట్లోనే ఆమె ముక్కుకి తగిలింది.

"ఏమిటీ ఘుమఘుమ?"

"కొత్త షాంపూ అండీ."

ఆమె గుడ్డ లాగేసింది. అతను తలొంచుకున్నాడు. "పూసిందంటే ఇక మీరు రారుగా. అందుకని..."

"నిన్ననే మీ అమ్మగారు ఫోన్ చేసి, పూలు విచ్చుకుంటున్నాయని చెప్పారు," అంది ఆమె. "అయినా వచ్చానా లేదా?"

"అలా వస్తూ పోతూ ఎంతకాలమమ్మా? ఇక్కడే ఉండిపోరాదూ!" కిటికీలోంచి తల్లి గొంతు.

"ముందు మీ అబ్బాయిని అడగమనండి అత్తయ్యగారూ! ఏడాదిగా మొక్క బాగుందా అంటాడే కానీ, నువ్వు బాగున్నావా అని ఒక్కసారి అడిగాడా?"

"నువ్వు... బాగున్నావా?" అన్నాడు, చెమటలు తుడుచుకుంటూ.

"ఇప్పుడు బాగున్నా," అంది.