ఓక్ ఆకుల కింద గులాబి

"అది మా నాన్న తల కాదు సార్," అంది ఒటీలియా. కూర్చోమన్నా కూర్చోలేదు.

డిటెక్టివ్ లైనర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. సహాయకుడు ఎమ్మెరిక్ ఉలిక్కిపడలేదు, ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో పుట్టినవాడే. కొండకీ సరస్సుకీ మధ్య ఇరుక్కున్న ఆ ఊళ్ళో శ్మశానం జానెడు. పదేళ్ళయ్యాక సమాధి తవ్వి, పుర్రెను ఎండబెట్టి, పేరు రాసి, మగవాళ్ళకు ఓక్ ఆకులూ ఆడవాళ్ళకు గులాబీలూ రంగులతో వేసి ఎముకల గదిలో పెడతారు.

"ఎలా చెప్పగలవమ్మా?"

"ముప్పై ఏళ్ళు ఒకే పక్కన పైపు కరిచి పట్టాడు. ఆ పళ్ళు గాడి పడిపోయాయి. ఆయన పేరు రాసి పెట్టినదానికి గాడి లేదు. ఉప్పు గనిలో తాగి పడి చచ్చాడని ఊరంతా నన్ను తాగుబోతు కూతురంటోంది. ఇప్పుడు తల కూడా లేకుండా చేశారు. మంచాన ఉన్న అమ్మకి ఏం చెప్పను?"

ఎముకల గదిలో లైనర్ ఆ పుర్రె మీది ఆకును గోటితో గీకాడు. పచ్చరంగు కింద గులాబి రేకు బయటపడింది. ఆడమనిషి తలేనని ఎమ్మెరిక్ తెగ పొంగిపోయాడు. గురువుగారు లైనర్ అప్పటికే పై అరలో దుమ్ములేని గుండ్రటి ఖాళీని చూస్తున్నారు.

"ఈ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది ఫాదర్?" అని వెంట వచ్చిన చర్చి ఫాదర్‌ను అడిగాడు.

"నా దగ్గరొకటి, గోతులు తవ్వే ఇగ్నాజ్ దగ్గరొకటి. రంగులు వేసేదీ అతనే. పదేళ్ళ కిందట ఒటీలియా తండ్రి చనిపోయిన ఏడాదే ఇతను గని మానేసి ఈ పనిలో చేరాడు."

"ఆయన పడ్డప్పుడు పక్కనున్నది?"

ఫాదర్ తడబడ్డాడు. "ఇగ్నాజే."

సాయంత్రం లైనర్ ఇగ్నాజ్‌తో సహా అందరినీ అక్కడే కూర్చోబెట్టాడు. గుమ్మంలో పోలీసు జవాను నిలబడ్డాడు.

"అసలు తల మీద దెబ్బ ఉండే ఉంటుంది, అందుకే మార్చారు. సమాధి ఎప్పటికైనా తెరవక తప్పదు. తెరిచే చెయ్యి తనదే కావాలని హంతకుడు ఈ పనిలో చేరి పదేళ్ళు కాపు కాశాడు. పై అరలోని పాత తలకు కొత్త ఆకులు వేసి పెట్టాడు. అసలుదాన్ని సరస్సులో పారేసే ఉంటాడు. ఇక రుజువు లేదు."

ఒటీలియా భోరుమంది.

"సరస్సులోనా?" ఇగ్నాజ్ లేచాడు. "పేరు రాయకుండా, ఆకులు వెయ్యకుండా పారెయ్యడానికి అదేమన్నా గొడ్డు తలా?"

అన్నాక గాని తెలియలేదు, ఏమన్నాడో.

"అయితే రాశారన్నమాట," అన్నాడు లైనర్.

ఇగ్నాజ్ ఇంటి బీరువాలోంచి జవాను తెల్లగుడ్డలో చుట్టిన పుర్రెను తెచ్చాడు. వెనక సుత్తి దెబ్బకు పడిన కన్నం. దాని చుట్టూ ఓక్ ఆకులు, ఊళ్ళో ఎవరి తలకూ లేనంత అందంగా.

"మాటా మాటా పెరిగింది. చేతిలో సుత్తి ఉంది," అన్నాడు ఇగ్నాజ్.

ఒటీలియా పళ్ళ గాడిలో వేలు పెట్టింది. "మా నాన్న తాగి పడలేదు," అంది, ఫాదర్‌కు వినబడేలా.

జవాను వెంట వెళ్తూ ఇగ్నాజ్ గుమ్మం దగ్గర ఆగాడు. "రంగింకా ఆరలేదు తల్లీ. ఆకుల మీద చెయ్యి పడనీకు."

ఆమె చప్పున చెయ్యి తీసేసింది. వాడి మాట విన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసి ఏడ్చింది. అయినా అమ్మకు చూపించాలని, ఇల్లు చేరేదాకా ఆ తలను, ఆకులు చెదరకుండా, దవడ కింద పట్టుకునే మోసుకెళ్ళింది.