ఊరటమణి వినిపించని మాట

విశాఖలోని ఆ ఈతకొలను పక్క గదిలో పదిమంది ఆడపిల్లలు బట్టలు మార్చుకుంటున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. వాళ్ల చెవుల వెనకున్న ఊరటమణులు మాత్రం మంద్రంగా పలుకుతున్నాయి. పదేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వం తొడిగించే చిన్న పూస అది. ఒంటిని చూసుకుని బిడ్డ కుంగిపోతే నాడిని బట్టి పసిగట్టి, 'నువ్వు అందంగా ఉన్నావు' అంటుంది. ఎవరైనా నొప్పించే మాట అంటే చెవికి చేరకుండా ఆపేస్తుంది.

ఈత నేర్పే తాయారు లోపలికి వచ్చేసరికి, ఆమె అక్క కూతురు శర్వాణి భుజాల చుట్టూ తువ్వాలు బిగించుకుని మూలన కూర్చుని ఉంది.

"పోటీలో నా పేరు తీసెయ్ పిన్నీ."

"ఏటయిందే? చక్కగా ఉన్నావు కదా!"

"మణీ అదే అంటాది. నువ్వూ అచ్చం దాని గొంతుతోనే అంటున్నావు."

తాయారు మనసు చివుక్కుమంది. నిజమే, రోజూ వినీ వినీ ఆ లాలింపు తనకూ అబ్బింది. ఈసారి మామూలు గొంతుతో అడిగింది.

"భుజాల గురించా?"

శర్వాణి తలూపింది.

"వెడల్పే. నాకూ అంతే."

శర్వాణి అయోమయంగా చూసింది. మణి ఆ మాటను ఆపేసిందని తాయారుకు అర్థమైంది. శర్వాణికీ అర్థమైనట్టుంది, మణిని ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"మళ్లీ చెప్పు."

"వెడల్పే అన్నాను. నీ ఈడులో నాకసలు నచ్చేవి కావు. ఇప్పటికీ ఒక్కో రోజు నచ్చవు."

"మరేం చేశావ్?"

"ఏడ్చాను. ఈతా కొట్టాను."

శర్వాణి నవ్వలేదు గానీ తువ్వాలు మీద పట్టు సడలింది. "పేరు సంగతి సాయంత్రం చెప్తాను" అంది.

అప్పటికే మిగతా పిల్లలు ఒక్కొక్కరే మణులు తీస్తున్నారు. అందరికన్నా చిన్నది, నజ్మా, ముందుకొచ్చింది.

"మేడమ్, నేను లావేనా?"

గదంతా తాయారు జవాబు కోసం చూస్తోంది. ఇప్పుడు తానేమన్నా ఈ పిల్ల నమ్మేస్తుంది. తడి బల్ల మీద కూర్చుని పక్కన చోటిచ్చింది.

"అలాగని నిన్నెవరన్నారు?"

"ఎవరూ అనలేదు మేడమ్. అన్నా నాకు వినబడదు కదా." నజ్మా తల దించుకుంది. "అందుకే ఎవరి పెదాలు కదిలి మాట వినబడకపోయినా, నన్నే అంటున్నారనుకుంటాను."