నక్కకు పెట్టిన రొట్టె

"మళ్ళీ బ్రెడ్ మాయం! ఈ ఇంట్లో ఎలుకలకు రెండే కాళ్ళున్నట్టున్నాయి," అంది అమ్మ, ఖాళీ కవరు దులుపుతూ.

"నేను కాదు!" అని అరిచాడు బుడంకాయ.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నిన్నెవరడిగార్రా?"

వాడి అక్క తలెత్తకుండా లెక్కలు చేసుకుంది. ఐదో తరగతి చదివే ఆ పిల్లను నాన్న ముద్దుగా పిడుగు అంటాడు. పాపం తమ్ముడు తిట్లు తింటుంటే ఆ పిడుగు నోరే విప్పలేదు.

నిజానికి ఆ రొట్టె తింటున్నది పెరటి గోడ అవతల తుప్పల్లో ఉండే నక్క. డొక్కలు లోపలికి పోయి, ఒక కాలు ఈడుస్తూ నడిచేది. మొదటిసారి చూసినప్పుడు పిడుగుకు ఏడుపొచ్చింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం, ఎవరూ చూడకుండా, గోడ విరిగిన చోట రొట్టె ముక్కలు పెట్టేది. మొదట్లో తను లోపలికి వెళ్ళాక గానీ నక్క వచ్చేది కాదు. ఈమధ్య తను ఉండగానే వచ్చి తింటోంది. నన్ను చూస్తే దానికి భయం లేదు అని పిడుగు మురిసిపోయింది.

ఆ పెరట్లోనే బుడంకాయ పెంచుకునే తెల్ల బాతు తిరిగేది. చేతులు వెనక్కి కట్టుకున్న హెడ్మాస్టరులా నడుస్తుందని వాడు దానికి మేస్టారని పేరు పెట్టాడు. పిలిస్తే చాలు, ఎక్కడున్నా ఊగుతూ వచ్చేసేది. వడ్రంగి పనిచేసే నాన్న దానికి గట్టి గూడు చేశాడు. చీకటి పడగానే లోపల పెట్టి గడియ వేసేవాడు.

ఆ శనివారం స్నేహితురాలి పుట్టినరోజు. కేకు, ఆటలు, నవ్వులు. పిడుగుకు నక్క గుర్తే రాలేదు.

తిరిగొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. బుడంకాయ పెరట్లో నిలబడి పిలుస్తున్నాడు.

"మేస్టారూ! మేస్టారూ!"

గోడ విరిగిన చోట తెల్లటి ఈకలు పడి ఉన్నాయి. నాన్న అవతలికి వెళ్ళి వెతికి, ఉత్త చేతులతో వచ్చాడు.

"నక్క పనే. కానీ మనం ఇంట్లో ఉండగా, ఇంత వెలుగులో పెరట్లోకి ఎలా వచ్చిందో!"

పిడుగు వంగి ఒక ఈకను చేతిలోకి తీసుకుంది.

"నాన్నా... నేనే. రోజూ దానికి రొట్టె పెట్టాను. ఇవాళ పెట్టలేదు."

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"ఆకలి చూసి జాలిపడ్డావు. అది తప్పు కాదమ్మా," అన్నాడు. "కానీ దానికి మనుషులంటే భయం పోయింది. అలవాటు కొద్దీ వచ్చింది. రొట్టె లేదు, బాతు ఉంది. రేపు ఇంకెవరి కోళ్ళ మీదికో పోతే, కర్రలతో కొట్టి చంపేస్తారు దాన్ని."

"అక్కా, దాన్ని నువ్వే రమ్మన్నావా?" అన్నాడు బుడంకాయ.

ఆ రాత్రి వాడు అటు తిరిగి పడుకున్నాడు. వాడి దుప్పటి కదులుతుంటే ఏడుస్తున్నాడని పిడుగుకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు సాయంత్రం నాన్న గోడ విరిగిన చోట ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. పిడుగు సిమెంటు అందించింది. సగం అయ్యాక నాన్న నీళ్ళకోసం లోపలికి వెళ్ళాడు.

మిగిలిన సందులోంచి నక్క మొహం కనిపించింది. చెవులు నిక్కించి, రోజూలాగే ఆమెవైపు చూసింది. దాని డొక్కలు ఇంకా లోపలికే ఉన్నాయి.

"పో!" అంది పిడుగు, చేతులు చరుస్తూ.

అది కదల్లేదు. తిండి పెడుతుందనుకుంది కాబోలు.

పిడుగు మట్టిగడ్డ తీసి దాని కాళ్ళ ముందు పడేట్టు విసిరింది. నక్క ఉలిక్కిపడి, కాలు ఈడ్చుకుంటూ తుప్పలదాకా పరుగెత్తింది. అక్కడ ఆగి, ఒక్కసారి వెనక్కి చూసింది.

"పో! ఇంకెప్పుడూ రాకు!" అని గట్టిగా అరిచింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

నక్క తుప్పల్లోకి వెళ్ళిపోయింది.

వెనక ఎవరో రొప్పుతున్న చప్పుడు. బుడంకాయ రెండు చేతులతో ఇటుక మోసుకొచ్చాడు. నిన్నటినుంచి ఆమెతో వాడు మాట్లాడనే లేదు.

"ఇది పెట్టక్కా," అన్నాడు.

పిడుగు దాన్ని అందుకుని, సందులో పెట్టి, కదలకుండా గట్టిగా అదిమింది.