పెళ్లి తెర తోరణం

పెరిజాత్ వాకిలి ఊడ్చేసరికి సూర్యుడు ఇంకా కొండ వెనకే ఉన్నాడు. మూడేళ్లుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. తలకు రుమాలు, చేతిలో చీపురు. ఆపిల్ చెట్టు కింద నుంచి గేటు దాకా ఊడవడం, గేటు దగ్గర ఆగిపోవడం. చెత్త గేటు అవతల పోయొద్దని ఎవరూ అనలేదు. కానీ గేటు దాటాలంటే "వెళ్లొస్తాను అత్తయ్యా" అనాలి. "ఎక్కడికి?" అంటే జవాబు చెప్పాలి. చెత్త పోయడానికి ఇంత సంజాయిషీ ఎందుకని ఆమె దాన్ని బకెట్లోకి ఎత్తి పొయ్యిలో వేసేది.

గుమ్మంలో తన్సిక్ తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ఏడాది నిండి రెండు నెలలైంది పాపకి. చెక్క వదిలేసి ఒకటి, రెండు, ఐదడుగులు వేసి తల్లి చీపురు మీద బోర్లా పడింది.

"చూశారా అత్తయ్యా! ఐదడుగులు!"

అత్తగారు ఊల్కన్ వరండాలో బల్ల దగ్గర కూర్చుని రొట్టె విరుస్తోంది. తలెత్తకుండానే అంది. "పడింది కదా."

"నడిచాకే పడింది."

"కాళ్ల బంధం కోయనిదే నడక నడకే కాదమ్మాయ్. కళ్లకి కనపడని తాడు ఉంటుంది పిల్లలకి. అది తెగేదాకా ఇలా పడుతూనే ఉంటారు."

పెరిజాత్ పాపను ఎత్తుకుని మోకాళ్లు దులిపింది. వాళ్ల ఊరు కారా-బల్తాలో పిల్లలు నడక మొదలుపెడితే ప్రతి ఇంటా చేసే వేడుకే అది. నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి పేనిన దారంతో పాప రెండు కాళ్లూ కడతారు. జనం పరుగు పందెం వేసుకుంటారు. ముందు వచ్చినవాళ్లు కత్తెరతో దారం కోస్తారు. కోసినవాళ్ల నడతే బిడ్డకీ వస్తుందంటారు. పెరిజాత్‌కి ఆ వేడుక మీద ఏ అభ్యంతరమూ లేదు. ఆమెకు కావలసిందల్లా అది జరగడమే.

ఎందుకంటే ఆమె ఉద్యోగం ఆ దారం చివర వేలాడుతోంది. వీధి చివరి బాలబడిలో చిన్నపిల్లల టీచరు పోస్టు. చదువు పూర్తి చేసి వచ్చినా, పెళ్లయిన నాటి నుంచీ ఆ పట్టా పెట్టెలోనే ఉంది. వసంతంలో అడిగితే ఊల్కన్ "పాప నడవనీ" అంది. పాప జూన్లో తొలి అడుగు వేసింది. "బంధం కోయనీ" అంది. జూన్లోనే భర్త సమత్ నడిపే మినీబస్సు ఇంజిను చెడి చేతిలో ఉన్నదంతా దానికే పోయింది. జూలైలో ఆడపడుచు బెర్మెత్‌కి సెలవు దొరకలేదు. ఆగస్టులో కేఫ్ హాలు ఖాళీ లేదు. హెడ్‌మిస్ట్రెస్ అనారా నిన్న గేటు మీదుగా కేకేసి మరీ చెప్పింది. "సోమవారం ఎనిమిదికి వస్తే పోస్టు నీది. రాకపోతే వేరే అమ్మాయి కాచుకుని ఉంది. ఇక నన్ననకు."

ఇవాళ శుక్రవారం.

టీ దగ్గర పెరిజాత్ గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, ఆదివారం మన వాకిట్లోనే చేసేద్దాం. నేనే చేస్తాను అన్నీ."

"వాకిట్లోనా? బెర్మెత్ కొడుక్కి కేఫ్‌లో చేశారు. బుడగలతో ద్వారం, మైకు పట్టుకుని మాట్లాడే మనిషి, మూడంతస్తుల కేకు."

"మనం మధ్యాహ్నం మూడింటికి టీకి పిలుద్దాం. భోజనం వేళ కాదు కనక గొర్రెను కోయక్కర్లేదు. నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు, జామ్, ఆపిల్ పళ్లు, రెండు తేనె కేకులు. మన వీధి వాళ్లే."

"వేడుకకి పిలిచి టీ నీళ్లు పోస్తారుటే ఎవరైనా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఊల్కన్ కొడుకు వైపు తిరిగింది. "ఏరా, నువ్వేమంటావ్?"

సమత్ అప్పటికే బస్సు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "మీరిద్దరూ ఏదనుకుంటే అదే అమ్మా." గేటు చప్పుడైంది. అతనికి ఆ గేటు ఎప్పుడూ తేలిగ్గానే తెరుచుకుంటుంది.

"కేఫ్ అంటే మళ్లీ మంచు పడేదాకా ఆగాలి అత్తయ్యా," అంది పెరిజాత్ మెల్లగా. "అప్పటికి పాప పరుగులు పెడుతుంది. పరిగెత్తే పిల్లకి బంధం కోశారని నవ్వరూ నలుగురూ?"

ఆ మాట పనిచేసింది. ఊల్కన్ రొట్టె ముక్క పక్కన పెట్టింది. "చెయ్యి. కానీ వెలవెలబోతూ ఉండకూడదు వాకిలి. ఉన్నవాళ్ల ఇంట్లా ఉండాలి."

పెరిజాత్ ఆ రోజంతా కూర్చుంటే ఒట్టు. పచ్చళ్ల గాజు సీసాలు కడిగి ఎర్ర ఆపిల్స్ నింపింది. గుడ్ల అట్టలు కత్తిరించి, బీట్‌రూట్ నీళ్లలో ముంచి పూలు చేసింది. పాత నోటుబుక్కుల కాగితాలు మడిచి విసనకర్రల్లా విప్పి గోడకి అంటించింది. పరుగు దారికి గీత వేయడానికి గోధుమపిండి తీస్తుంటే ఊల్కన్ కంగారుగా వచ్చింది.

"పిండిని కాళ్ల కింద పోస్తావా? నీకేమైనా మతి పోయిందా?"

"సున్నం తెస్తాను అత్తయ్యా."

"ఆ పని చెయ్యి. బడిలో ఇవన్నీ నేర్పుతారు గానీ రొట్టె అంటే ఏమిటో నేర్పరు."

పెరిజాత్ నవ్వు దాచుకుంది. చేతులకు పని దొరికితే గోడలు కాస్త దూరం జరిగినట్టుంది. ఒకటే లోటు. చెట్టు నుంచి వరండా దాకా కట్టడానికి తోరణం లేదు. బుడగలు కొనే మాట ఎత్తడం ఇష్టం లేదు.

"పెట్టె అడుగున పాత గుడ్డ ఉంది, తీసుకో," అంది ఊల్కన్ పొయ్యి దగ్గర నుంచే.

ఆ పెట్టె మీద పరుపులు, బొంతలు నడుమెత్తు పేర్చి ఉంటాయి. పెరిజాత్ శనివారం పొద్దున్న వాటన్నిటినీ దింపి మూత తీసింది. అడుగున ఒక పక్క పిండి సంచుల ముతక గుడ్డ, ఇంకో పక్క మెత్తగా మడిచిన తెల్ల గుడ్డ. ముతకది జెండాలకు బరువు. తెల్లది పట్టుకుంటే గాలిలా ఉంది, ఒక మూల వెలిసిపోయిన ఎర్ర కుట్టు. "ఇదే అయి ఉంటుంది" అనుకుంది. కత్తెర తీసుకుని త్రికోణాలుగా కత్తిరించింది, నలభై ముక్కలు. ఉల్లిపొట్టు నీళ్లలో సగం, బీట్‌రూట్ నీళ్లలో సగం ముంచి ఆరేసి, పురికొసకి కుట్టింది. మధ్యాహ్నానికి ఆపిల్ చెట్టు నుంచి వరండా స్తంభం దాకా పసుపు, గులాబీ జెండాలు రెపరెపలాడాయి. వాకిలి ఎవరిదో కొత్త ఇంటిదిలా ఉంది.

మూడింటికి బెర్మెత్ పట్నం నుంచి దిగింది. హైహీల్స్ వేసుకుని సున్నం గీత జాగ్రత్తగా దాటింది.

"బావుంది మరదలా. బాలబడి వార్షికోత్సవంలా ఉంది. పాటలు కూడా పాడిస్తావా మాచేత?"

"మీ గొంతు బావుంటే పాడండి వదినా."

"మావాడి వేడుకకి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఫోటోలు చూపించుకుంటారు తెలుసా? ఏం చేస్తాం. ఎవరికి ఉన్నంతలో వాళ్లు."

పెరిజాత్ టీ గిన్నె నింపి అందించింది. సగం కాదు, అంచు దాకా. ఆ ఇళ్లలో నిండు గిన్నె ఇచ్చారంటే తాగి లేచి వెళ్లమని అర్థం. బెర్మెత్ గిన్నె వంక చూసింది, మరదలి వంక చూసింది, పకపకా నవ్వింది. "అమ్మో! నోరు లేదనుకున్నానే దీనికి!"

ఆ నవ్వు విని ఊల్కన్ బయటికి వచ్చింది. తల ఎత్తి తోరణం చూసింది. మొదట ఆమె మొహం విచ్చుకుంది. తర్వాత రెండడుగులు ముందుకు వేసి, స్తంభం దగ్గరి చివరి జెండాను చేత్తో పట్టుకుంది. దాని మూల ఎర్ర కుట్టు ఉంది.

"ఇది ఎక్కడిది?"

"పెట్టెలోదే అత్తయ్యా. మీరే కదా..."

"నేను చెప్పింది పిండి సంచుల గుడ్డ!" ఊల్కన్ అరిచింది. "ఇది నా పెళ్లి తెర! ఈ ఇంటికి వచ్చిన రోజు నన్ను దీని వెనకే కూర్చోబెట్టారు. మా అమ్మ చేతి కుట్టు ఇది. కత్తెర పెట్టే ముందు ఒక్క మాట అడగలేకపోయావా? చెట్టుకి కట్టావా నా తెరని, చాకలి బట్టలా?"

పెరిజాత్ గబగబా ఆ జెండా దగ్గరికి వచ్చింది. కొత్త కోడలిని మూల కూర్చోబెట్టి తెర దించడం, వచ్చినవాళ్లు తెర ఎత్తి చూసి కానుక ఇచ్చి పోవడం, అన్నీ ఆమెకూ జరిగాయి. కానీ ఆమెది బజారులో కొన్న మెరుపుల తెర. ఇలాంటిది ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు.

"తెలీదు అత్తయ్యా. నిజంగా తెలీదు."

"తెలీదు! గేటు బయటికి ఎప్పుడు పడదామా అన్న తొందర తప్ప నీకేం తెలుసు? రేపటి వేడుకా లేదు, సోమవారమూ లేదు. దింపెయ్ అన్నీ!"

"అమ్మా, గుడ్డేగా..." అంది బెర్మెత్.

"నువ్వు మాట్లాడకు."

పెరిజాత్ ఈసారి తల దించలేదు. "తప్పు చేశాను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ తొందర అనకండి. పాప నడవాలన్నారు, ఆగాను. బంధం కోయాలన్నారు, ఆగాను. ఇంజినన్నారు, వదిన సెలవన్నారు, హాలన్నారు, ఆగాను. ఊడ్చిన చెత్త కూడా గేటు దాటించకుండా పొయ్యిలో వేసుకుంటున్నాను అత్తయ్యా. ఇంకా ఆ తాడు పాప కాళ్లకే ఉందంటారా?"

ఊల్కన్ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పెరిజాత్ స్టూలెక్కి తోరణం దింపింది.

ఆదివారం తెల్లవారగానే ఆమె వాకిలి ఊడవలేదు. కిటికీ దగ్గర కూర్చుని జెండాలను పురికొస నుంచి విప్పి, ముక్కకి ముక్క చేర్చి కుట్టడం మొదలుపెట్టింది. పసుపు పక్కన గులాబీ. అంచులు కలవడం లేదు. కత్తెర తిన్న గుడ్డ మునుపటి వెడల్పుకి రాదు. అయినా కుడుతూనే ఉంది. పది ముక్కలు అతికేసరికి వేలికి రెండుసార్లు సూది దిగింది.

ఊల్కన్ ఎప్పుడు వచ్చి నిలబడిందో చూసుకోలేదు.

"ఏం చేస్తున్నావ్?"

"తెర కుడుతున్నాను అత్తయ్యా. మునుపటిలా ఉండదు. కానీ..."

"ఎవరికి?"

పెరిజాత్ తలెత్తింది.

"ఎవరికి కుడుతున్నావే ఆ తెర?" ఊల్కన్ చూపు బొంత మీద పడుకున్న తన్సిక్ మీద ఉంది. "దీన్ని కూర్చోబెడతావా దాని వెనక?"

ఆమె మెల్లగా పక్కనే కూర్చుంది. ఎర్ర కుట్టు ఉన్న ముక్కను ఒళ్లో పెట్టుకుని వేలితో రాసింది.

"టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది నాకు. చెవులకి పెట్టుకునేవి కూడా ఇచ్చారు. పెళ్లయ్యాక వెళ్తానంటే మా అత్తగారు 'పిల్ల నడవనీ' అంది. బెర్మెత్ నడిచింది. బంధం కోశారు. ఆ రోజుకి సమత్ నా కడుపులో ఉన్నాడు. ఆ తర్వాత ఎవరూ నన్ను ఆపలేదు. నేనే అడగడం మానేశాను." ఒళ్లోని ముక్కను మడిచింది. "నిన్న నువ్వు వరసపెట్టి చెబుతుంటే నా నోటి మాటలేనే అవన్నీ. కాదు, మా అత్త నోటివి. రాత్రంతా నా చెవిలో ఆవిడే మాట్లాడింది."

పెరిజాత్ చేతిలో సూది ఆగిపోయింది. అత్తగారి చేయి పట్టుకుంది. ఊల్కన్ ఆ చేయి విదిలించుకోలేదు, కానీ ఎక్కువసేపు ఉంచనూ లేదు. కళ్లు తుడుచుకుని లేచింది.

"కుట్టింది విప్పెయ్. మళ్లీ పురికొసకి కట్టు. మూడింటికి జనం వస్తారు. ఆ బోర్సోక్ ఎప్పుడు వేయిస్తావ్, వాళ్లు వెళ్లాకా?"

మూడింటికి వీధంతా వచ్చింది. ఆపిల్ సీసాల మధ్య, గుడ్ల అట్ట పూల మధ్య అందరూ టీ తాగారు. గొర్రె మాంసం ఏదని ఒక్కరూ అడగలేదు. పక్కింటావిడ మాత్రం కాగితం విసనకర్ర ఒకటి గోడ నుంచి ఊడదీసి "మా మనవడికి" అని సంచిలో పెట్టుకుంది. పిల్లలు ఒక విడత, మగవాళ్లు ఒక విడత సరదాగా పరిగెత్తారు. ఆఖరి పందెం ఆడవాళ్లది. గెలిచినవాళ్లకే కత్తెర. తన్సిక్ కాళ్లకి నలుపు తెలుపు దారం కట్టి, పెరిజాత్ చంకల కింద చేతులేసి పట్టుకుంది. సున్నం గీత దగ్గర బెర్మెత్ హీల్స్ విప్పింది.

"ఆగండి." ఊల్కన్ వచ్చి పాపను పట్టుకుంది. "నేను పట్టుకుంటాను. నువ్వెళ్లు."

"ఎక్కడికి?" అంది పెరిజాత్ అలవాటుగా.

"గీత దగ్గరికి. పరిగెత్తు."

"తల్లి పరిగెత్తుతుందా ఎక్కడైనా?" ఎవరో ముసలాయన అన్నాడు. "కోడలు పరిగెత్తడమేంటి, మామల ముందు?"

"నా మనవరాలు, నా వాకిలి," అంది ఊల్కన్. "మీరు టీ తాగండి."

పెరిజాత్ గౌను అంచు పైకి పట్టుకుంది. పరిగెత్తి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. గేటు దగ్గరి నుంచి కేక వినపడగానే కాళ్లకి అదే గుర్తొచ్చింది. రుమాలు జారిపోయింది. పక్కన బెర్మెత్ రొప్పుతోంది, వెనక అనారా నవ్వుతోంది, పైన జెండాలు. ఎవరిని దాటిందో చూడలేదు. అత్తగారి మోకాళ్ల దగ్గర ఆగలేక కూలబడింది.

"కావాలని ఓడిపోయాననుకునేవు, నిజంగానే ఓడిపోయాను!" వెనక నుంచి బెర్మెత్ అరిచింది.

ఊల్కన్ కత్తెర అందించింది. దారం రెండు చిన్న మడమల మధ్య బిగిసి ఉంది.

"కొయ్యమ్మా," అంది ఊల్కన్ మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేలా. "నువ్వు పరిగెత్తినట్టే పరిగెత్తాలి ఇది."

దారం తెగింది. తన్సిక్ ఒకటి, రెండు, ఏడడుగులు వేసి, చప్పట్లకు బెదిరి, చతికిలబడి ఏడుపు లంకించుకుంది. అందరూ నవ్వారు. పెరిజాత్ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

"చూశారా, పడింది!" అంది బెర్మెత్.

"నడిచాకే పడింది," అంది ఊల్కన్.

జనం వెళ్లాక గిన్నెలు కడుగుతున్న కోడలి దగ్గరికి ఆమె ఒక సంచి తెచ్చింది. అందులో నలభై జెండాలూ చుట్ట చుట్టి ఉన్నాయి, ఎర్ర కుట్టున్నది పైన.

"పెట్టెలో పెట్టమంటారా అత్తయ్యా?"

"పెట్టెలో ముప్పై ఎనిమిదేళ్లు ఉంది. చాలు. ఆ బాలబడి గోడలు బోసిగా ఉంటాయని అనారా వాపోతోంది. రేపు తీసుకెళ్లి కట్టు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఎనిమిదింటికే కదా? ఏడున్నరకే బయల్దేరు. వాకిలి నేను ఊడుస్తాలే."